ముందే తీర్పు, ఆపైన విచారణ

మనిషి మొహం ఒక్కసారి చూస్తే చాలు, నిజం చెబుతున్నాడో బొంకుతున్నాడో పట్టేస్తానని ఉద్యోగం చేసినన్నాళ్లూ నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, నలుగురిలో చెప్పుకున్నాను కూడా. చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ని తెగ చదివి, పెద్దయ్యాక బ్యాంకు ఆఫీసరునయ్యాను. హంతకులు తగల్లేదు గానీ లెక్క తేడాలు, దొంగ సంతకాలు, గల్లంతైన వోచర్లు బోలెడు తగిలాయి. చుట్టుపక్కల ఏ బ్రాంచిలో గొడవ వచ్చినా ఎంక్వయిరీకి నన్నే పంపేవారు. వెనకాల నన్ను 'సీఐడీ గారు' అనేవారని తెలుసు. అది వెక్కిరింత అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో బిరుదు అనుకున్నాను.

నా తెలివితేటలన్నీ ఒక్కచోట బయటపడ్డ కేసు ఒకటుంది. ఒక మామ్మగారు, భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతోంది. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకోవడానికి వచ్చి, ఖాతాలో నలభై వేలు తగ్గాయని లబోదిబోమంది. విత్‌డ్రాయల్ ఫారం తీసి చూపిస్తే, "ఈ సంతకం నాది కాదు బాబూ" అంది. ఆ ఫారం తీసుకుని డబ్బిచ్చింది కొత్తగా చేరిన క్లర్కు కుర్రాడు. ఇంకా ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు. ఆ రోజు ఒకటో తారీఖు, పెన్షనర్ల రద్దీ. ఆ బ్రాంచికి సీసీ కెమెరాలు అప్పటికింకా రాలేదు.

నేను వెళ్లగానే కుర్రాణ్ని పిలిపించాను. నుదురంతా చెమట. ఏం అడిగినా నేలచూపులు. "ఎవరో కాలేజీ అబ్బాయి పాస్‌బుక్ తెచ్చాడు సార్. ఆవిడ నడవలేదు, బయట ఆటోలో ఉందన్నాడు. రద్దీలో ఇచ్చేశాను" అని తడబడుతూ చెప్పాడు. అంతే, దొంగ దొరికాడని తేల్చేశాను. అప్పటికి నాకు తెప్పించిన టీ కూడా ఇంకా రాలేదు.

ఖాతాదారు స్వయంగా రాకపోతే విత్‌డ్రాయల్ ఫారం మీద డబ్బివ్వకూడదు. ఆ రూలు తప్పాడు కాబట్టి కుర్రాడు వణికాడు. రూలు తప్పినవాడి చెమటకీ డబ్బు తిన్నవాడి చెమటకీ పైకి తేడా ఏమీ ఉండదు. ఈ మాత్రం ఆలోచన నాకు రాలేదు. ఆ ఫారాన్ని పాస్ చేసిన ఆఫీసరు కూడా అదే రూలు తప్పాడు. కానీ ఆయన నాకు పాత స్నేహితుడు, ధీమాగా మాట్లాడాడు, చెమట పట్టలేదు. ఆయన్ని గట్టిగా ఒక ప్రశ్న కూడా అడగలేదు.

మొహం చూసి అబద్ధం పట్టే విద్య సంగతి శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చేశారు. నాకే ఆలస్యంగా తెలిసింది. మా మేనకోడలు ఫోరెన్సిక్ సైకాలజీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు దాని పుస్తకాలు మా హాల్లో పడుంటే, పాత డిటెక్టివ్ మోజు కొద్దీ తెరిచాను. చార్లెస్ బాండ్, బెల్లా డీపాలో అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి 2006లో లెక్క కట్టారు. అబద్ధమా నిజమా అని తీర్పు చెప్పినవాళ్లు 24 వేల మందికి పైనే. వాళ్లు సరిగ్గా చెప్పింది సగటున నూటికి 54 సార్లు. నాణెం ఎగరేస్తే యాభై ఎలాగూ వస్తాయి. పోలీసులు, జడ్జీల వంటి అనుభవజ్ఞులు మామూలు జనం కంటే మెరుగేమీ కాదని కూడా ఆ లెక్కలో తేలింది. బాండ్ బృందమే 58 దేశాల్లో జనాన్ని వాకబు చేస్తే, అబద్ధమాడేవాడు కళ్లలోకి చూడడన్న నమ్మకం అంతటా కనిపించింది. చూపు తిప్పుకోవడానికీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే ఆ భ్రమలో ఉన్నది నేనొక్కణ్నే కాదు. కాకపోతే ఆ భ్రమ మీద ఆధారపడి ఒక కుర్రాడి ఉద్యోగం మీద రిపోర్టు రాసింది మాత్రం నేనే.

ఇక సంతకం. మామ్మగారు తెలుగులో సంతకం పెడుతుంది. పేరు చివర 'మ్మ' వస్తుంది. ఆ ఒత్తు కింద చిన్న తోక కుడివైపుకి సాగుతుంది. ఫారం మీది సంతకంలో ఆ తోక ఇంకాస్త పొడుగ్గా ఉంది. కుర్రాడు రాసిన కాగితాలన్నీ తెప్పించి భూతద్దం పెట్టి కూర్చున్నాను. వెతగ్గా వెతగ్గా ఒక సెలవు చీటీలో, 'అమ్మకు ఒంట్లో బాగోలేదు' అని రాసిన చోట, అచ్చం అలాంటి తోకే దొరికింది. మిగతా కాగితాల్లో ఎక్కడా ఒత్తులకు తోకల్లేవు. అక్కడ జాగ్రత్త పడ్డాడని నోట్సు రాసుకున్నాను. చేతిరాతలు పోల్చడంలో పేరున్న ఒక సహోద్యోగికి ఆ కాగితాలు పంపుతూ, 'ఇతనేనని నాకు దాదాపు ఖాయం, మీరూ ఒకసారి చూసి ధ్రువపరచండి' అని చీటీ జతచేశాను. ఆయన ధ్రువపరిచాడు. 'ఇద్దరం విడివిడిగా పరిశీలించి ఒకే నిర్ణయానికి వచ్చాం' అని రిపోర్టుకెక్కించాను.

ఇదే పని ఎఫ్‌బీఐ అంతకంటే పెద్ద ఎత్తున చేసింది. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో లోకల్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. ఒక వ్యానులో డిటొనేటర్లున్న నీలం ప్లాస్టిక్ సంచీ దొరికింది. దాని మీద ఒక వేలిముద్ర ఉంది. ఎఫ్‌బీఐ కంప్యూటర్ ఆ ముద్రకి దగ్గరగా ఉన్న 20 ముద్రలు బయటికి తీసింది. వాటిలో నాలుగోది అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన బ్రాండన్ మేఫీల్డ్ అనే లాయరుది. అతనిదేనని ఒక నిపుణుడు చెప్పాడు, మరో ఇద్దరు అవునన్నారు. అది తమకొచ్చిన ముద్రతో కలవడం లేదని ఏప్రిల్‌లోనే స్పెయిన్ పోలీసులు చెప్పారు. అమెరికా వాళ్లు వినలేదు. అతను ఇస్లాం స్వీకరించినవాడనీ, ఒక ఉగ్రవాద కేసు నిందితుడి తరఫున, అదీ పిల్లాడి కస్టడీ తగాదాలో, వకాల్తా పుచ్చుకున్నాడనీ తెలిసేసరికి అనుమానం ఇంకా బలపడింది. అతను దేశం దాటినట్టు రికార్డు లేదు. అయితే దొంగ పేరుతో వెళ్లి ఉంటాడన్నారు. కుర్రాడి కాగితాల్లో తోకలు లేకపోతే నేను రాసుకున్న నోట్సు ఇలాంటిదే.

మే 6న మేఫీల్డ్‌ని అరెస్టు చేశారు. కోర్టు నియమించిన స్వతంత్ర నిపుణుడు కూడా ముద్ర అతనిదేనన్నాడు. ఆ వెంటనే స్పెయిన్ పోలీసులు ముద్ర ఎవరిదో గుర్తించారు. అది ఉనాన్ దావూద్ అనే అల్జీరియన్‌ది. మే 20న మేఫీల్డ్ బయటికొచ్చాడు. ప్రభుత్వం 2006లో క్షమాపణ చెప్పి 20 లక్షల డాలర్లు ఇచ్చుకుంది. తర్వాత జరిగిన ప్రభుత్వ తనిఖీలో ఒక విషయం బయటపడింది. సంచీ మీది ముద్ర మసకగా ఉంది. నిపుణులు మేఫీల్డ్ ముద్రలోని గీతల్ని చూశాక, మసక ముద్రలో కూడా అవే గీతలు ఉన్నట్టు చూశారు. నేను 'మ్మ' తోకను వెతికిన తీరు కూడా ఇదే.

ఇటియెల్ డ్రోర్ అనే పరిశోధకుడు దీని మీదే 2006లో ఒక చిత్రమైన ప్రయోగం ప్రచురించాడు. అయిదుగురు అనుభవజ్ఞులైన వేలిముద్రల నిపుణులకు, కొన్నేళ్ల కిందట వాళ్లే 'కలిశాయి' అని తేల్చిన ముద్రల జతల్ని మళ్లీ చూపించాడు. అవి తమ పాత కేసులవని వాళ్లకు తెలియదు. మేఫీల్డ్ కేసులో ఎఫ్‌బీఐ పొరబడ్డ ముద్రలు ఇవేనని చెప్పి, ఆ సంగతి పట్టించుకోకుండా చూడమన్నాడు. అయిదుగురిలో ముగ్గురు 'కలవలేదు' అన్నారు, ఒకరు 'తేల్చలేం' అన్నారు. ఒక్కరే పాత మాట మీద నిలబడ్డారు. ముద్రలు అవే, కళ్లు అవే, చెవిలో పడ్డ మాటే వేరు. నేను పంపిన చీటీలో మాట కూడా అలాంటిదే. ఇది చదివి మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంటే మా మేనకోడలు, "ఏం పర్వాలేదు మామయ్యా, నీకూ ఎఫ్‌బీఐకీ తేడా జీతంలోనే" అంది.

సాక్షుల దగ్గర నేను చేసింది ఇంకా ఘోరం. బ్రాంచి గుమ్మం దగ్గరుండే సెక్యూరిటీ గార్డు, "ఎవరో కాలేజీ పిల్లాడు పాస్‌బుక్ పట్టుకుని వచ్చినట్టు గుర్తు సార్" అన్నాడు. 'పెద్దవయసు, చూపు ఆనదు, రద్దీలో గమనించే అవకాశం లేదు' అని రాసి అతణ్ని పక్కన పెట్టాను. క్యూలో ఉన్న ఒక రిటైర్డు మేష్టారిని మాత్రం, "ఆ క్లర్కు ఫారాన్ని హడావుడిగా డ్రాయరులోకి తోసినప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగాను. తోశాడా లేదా అని అడగలేదు. ఆయన కాసేపు ఆలోచించి, "అవునండీ, కాస్త హడావుడిగానే ఉన్నాడు" అన్నాడు. 'విద్యాధికుడు, విశ్వసనీయుడు' అని రాశాను.

ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 1974లోనే కార్లు గుద్దుకున్న ఫిల్ములు విద్యార్థులకు చూపించి, వేగం ఎంతో అడిగారు. కార్లు ఒకదానికొకటి 'తగిలినప్పుడు' అని అడిగితే గంటకు 34 మైళ్లన్నారు. 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అని అడిగితే దాదాపు 41 మైళ్లన్నారు. వారం తర్వాత, ఫిల్ములో లేని గాజు పెంకుల్ని కూడా చూశామని చెప్పినవాళ్లు, మొదటి తరహా ప్రశ్న విన్నవాళ్లలో కంటే రెండో తరహా ప్రశ్న విన్నవాళ్లలో ఎక్కువమంది ఉన్నారు. మేష్టారు అబద్ధమాడలేదు, ఆయన జ్ఞాపకంలోకి నేనే ఒక డ్రాయరు తోశాను. స్వీడన్‌లో కార్ల్ ఆస్క్, పేర్ ఆండర్స్ గ్రాన్‌హాగ్ పోలీసు అధికారుల మీద చేసిన పరిశోధన చదివాక గార్డు గుర్తొచ్చాడు. అనుమానాన్ని బలపరిచే సాక్షి వాళ్లకు నమ్మదగినవాడుగా కనిపించాడు. దానికి అడ్డొచ్చే సాక్షి అంతగా నమ్మదగినవాడు కాదనిపించాడు.

ఎంక్వయిరీలో భాగంగా మామ్మగారి ఇంటికి కూడా వెళ్లాను. ఆవిడ మనవడు కాఫీ తెచ్చిచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వినయంగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, "మా మామ్మకి న్యాయం చేయండి సార్" అన్నాడు. అతను నిజంగానే కాలేజీ పిల్లాడన్న సంగతి, గార్డూ క్లర్కూ చెప్పింది కూడా కాలేజీ పిల్లాడి గురించేనన్న సంగతి, ఆ కాఫీ తాగుతున్నంతసేపూ నాకు తట్టలేదు. ఇది బ్యాంకులోపలి మనిషి పని అని ముందే అనుకున్నాను. కాబట్టి బయటివాళ్లెవరూ నా లెక్కలోకి రాలేదు.

ఇంగ్లాండులో యార్క్‌షైర్ రిప్పర్ కేసు చరిత్రకెక్కింది ఈ కారణంగానే. 1975 నుంచి 1980 దాకా పీటర్ సట్‌క్లిఫ్ అనేవాడు 13 మంది మహిళల్ని చంపాడు. 1979 జూన్‌లో దర్యాప్తు అధికారి జార్జ్ ఓల్డ్‌ఫీల్డ్‌కి ఒక క్యాసెట్ వచ్చింది. 'నేను జాక్‌ని' అని మొదలుపెట్టి పోలీసుల్ని ఎద్దేవా చేసిన గొంతు అది. యాస సండర్లాండ్ వైపుది. హంతకుడిది ఆ యాసే అయి ఉండాలని పోలీసులు తీర్మానించారు. శ్రీకాకుళం యాసలో టేపు వచ్చిందని కర్నూలు వాళ్లందరినీ వదిలేసినట్టన్నమాట. సట్‌క్లిఫ్‌ది బ్రాడ్‌ఫర్డ్. పోలీసులు మొత్తం తొమ్మిదిసార్లు అతణ్ని ప్రశ్నించారు. ఆ క్యాసెట్ వచ్చిన మరుసటి నెలలో ఆండ్రూ లాప్ట్యూ అనే డిటెక్టివ్ కానిస్టేబుల్‌కి అతని మీద గట్టి అనుమానమే వచ్చి రిపోర్టు రాశాడు. యాస కలవలేదు గనక ఆ రిపోర్టు ఫైళ్లలోకి పోయింది. ఆ తర్వాత మరో ముగ్గురు మహిళలు చనిపోయారు. చివరికి 1981 జనవరిలో షెఫీల్డ్‌లో దొంగ నంబరు ప్లేటు వల్ల దొరికిపోయాడు. క్యాసెట్ పంపిన ఆకతాయిని 2005లో డీఎన్ఏ పట్టించింది. మరుసటేడు అతనికి 8 ఏళ్ల శిక్ష పడింది. అంతమంది పోలీసుల్ని దారి తప్పించడానికి ఒక యాస సరిపోయింది. నన్ను దారి తప్పించడానికి ఒక కాఫీ సరిపోయింది.

ఇక ఒప్పుకోలు ఒక్కటే మిగిలింది. రీజనల్ ఆఫీసు నుంచి రోజూ ఫోను, "తేలిందా?" అని. కుర్రాణ్ని గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, "చూడు నాయనా, సంతకం నీదేనని తేలిపోయింది. సాక్షి కూడా ఉన్నాడు. డబ్బు కట్టేస్తే పోలీసుల దాకా పోకుండా చూస్తాను. లేదంటే నీ ఇష్టం" అన్నాను. సాయంత్రం దాకా కాదు కాదన్నాడు. చీకటి పడేవేళకి, "సరే సార్, రాసిస్తాను" అన్నాడు. ఏం రాయాలో నేనే చెప్పాను. తల్లి గొలుసు తాకట్టు పెట్టి నలభై వేలూ కట్టాడు. నిరపరాధి అయితే ఎందుకు కడతాడని అందరితో అన్నాను. అందరూ తలూపారు.

ఎందుకు కడతాడో సాల్ కాసిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1996లో తన విద్యార్థిని కాథరిన్ కీచెల్‌తో కలిసి చేసిన ప్రయోగం చెబుతుంది. విద్యార్థుల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆల్ట్ అనే మీట మాత్రం నొక్కవద్దన్నారు. కాసేపటికి కంప్యూటర్ ఆగిపోయేలా ముందే ఏర్పాటు చేసుకున్నారు. నువ్వే నొక్కావని నింద వేశారు. ఎవరూ నొక్కలేదు. అయినా నూటికి 69 మంది తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టారు. వేగంగా టైపు చేయించి, పక్కనున్న మనిషి చేత 'నేను చూశాను' అని అబద్ధం చెప్పించినప్పుడైతే అందరూ పెట్టారు. కొందరు తామే నొక్కామని నిజంగా నమ్మేశారు. అబద్ధపు సాక్షి, తలుపు వేసిన గది, బయటపడే దారి ఒక్కటే అని చెప్పడం. ఆ గదిలో వీటిలో నేను చేయనిది లేదు.

కొన్ని నెలల తర్వాత మామ్మగారు మళ్లీ బ్రాంచికొచ్చింది, ఈసారి చేతిలో ఒక నోటుబుక్కుతో. మనవడి పుస్తకాల్లో దొరికిందట. వెనక పేజీలో ఆవిడ సంతకం మీద సంతకం, పేజీ నిండా. ఒక్కో వరుసకీ 'మ్మ' తోక కాస్త కాస్త పొడుగవుతూ వచ్చింది. ఆవిడ ఏడుస్తూ, "ఆ పిల్లాడి డబ్బు వాడికిచ్చేయండి బాబూ" అంది.

ఇక్కడైనా బుద్ధి వచ్చి ఉండాలి. రాలేదు. 'క్లర్కు నిబంధనలు పాటించి ఉంటే ఈ మోసం జరిగేదే కాదు, కావున ప్రాథమిక బాధ్యత అతనిదే' అని అనుబంధ రిపోర్టు రాశాను. డబ్బు తిరిగి ఇప్పించాను, ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా. క్షమించమని మాత్రం అడగలేదు. అతను బదిలీ మీద దూరంగా వెళ్లిపోయాడు. తప్పు బయటపడ్డాక మొదటి అనుమానంలో ఒక ముక్కనైనా కాపాడుకోవాలని చూసేవాళ్ల గురించి ఇప్పుడు చదువుతుంటే, ఆ అనుబంధ రిపోర్టు వాక్యాలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తొస్తున్నాయి.

ఈ పుస్తకాలన్నీ చదివాక నాకు రెండో మూర్ఖత్వం పట్టింది. పక్షపాతం గురించి అంతా తెలిసింది కాబట్టి ఇక నాకు పక్షపాతం ఉండదనుకున్నాను. వాకింగు మిత్రులకు మేఫీల్డ్ కథ చెబుతూ ఉపన్యాసాలిచ్చాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మా గుమ్మం ముందు పేపరు మాయమవడం మొదలైంది. మూడో అంతస్తులో కొత్తగా అద్దెకు దిగినాయన ఎదురైతే చూపు తప్పిస్తున్నాడని గమనించాను. రెండు రోజులు మెట్ల దగ్గర కాపలా కాసి, ఆయన చేతిలో పేపరు చూసి, నిలదీయడానికి బయల్దేరాను. మా ఆవిడ ఆపింది. "ఏవండీ, పేపరు బిల్లు ఎప్పుడు కట్టారు?" కట్టలేదు. పేపరబ్బాయి మాకు పేపరు వేయడమే మానేశాడు. తోటి నిపుణుల మీద పక్షపాతం పని చేస్తుందని ఒప్పుకునే ఫోరెన్సిక్ నిపుణులు కూడా, తమ దాకా వచ్చేసరికి అలా ఏమీ ఉండదంటారని సర్వేల్లో తేలింది. మనసు గట్టి చేసుకుంటే తమ పరిశీలన చెడదని వాళ్ల నమ్మకం. నాకూ అదే నమ్మకం.

మనసు గట్టి చేసుకుంటే పోయే జబ్బు కాదిది. పద్ధతి మారిస్తేనే పోతుంది. కుర్రాడి చేతిరాత ఒక్కటే పంపకుండా, ఆ బ్రాంచిలో అందరి రాతల్లో కలిపి, పేర్లు లేకుండా, ఎవరి మీద అనుమానమో చెప్పకుండా పంపాల్సింది. ఫారం మీది సంతకంలో విశేషాలేమిటో ముందు కాగితం మీద పెట్టి, ఆ తర్వాతే మిగతా రాతలు చూడాల్సింది. సాక్షిని 'ఏం చూశారో చెప్పండి' అని అడిగి నోరు మూసుకోవాల్సింది. ఇంగ్లాండులో 1990ల మొదట్లోనే పోలీసులు నేరం ఒప్పించే పద్ధతి వదిలి సమాచారం రాబట్టే పద్ధతిలో శిక్షణ మొదలుపెట్టారు. మన దేశంలో పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్యాధార చట్టంలోనే ఉంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా దాన్ని నిలబెట్టింది. బ్యాంకు గదుల్లో, హాస్టల్ వార్డెన్ గదుల్లో, మన ఇళ్ల హాళ్లలో ఆ చట్టం లేదు. అక్కడ ఒప్పుకుంటే అదే శిక్ష.

ఆ చట్టం ఉన్న చోట కూడా మనవాళ్లు ఎంత నష్టపోయారో చూశాం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని హత్య జరిగింది. మరుసటేడు పోలీసులు ఒక యువకుణ్ని పట్టుకుని దోషిగా నిలబెట్టారు, 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. అతని వయసులో ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులు కూడా అతను దోషి కాదనే మొదట్నుంచీ అన్నారు.

బార్బరా ఓబ్రయన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2009లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. కేసు ఫైలు సగంలో ఉండగా అనుమానితుడి పేరు చెప్పమన్నవాళ్లు మిగతా సాక్ష్యాన్ని అతని వైపే లాగారు. ఆ పేరు ఎందుకు తప్పు కావచ్చో కూడా రాయమన్నవాళ్లలో ఆ లాగుడు తగ్గింది. అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఏదైనా పోయి, ఒక పేరు నోటిదాకా వస్తే, దాన్ని పైకి అనేముందు అతను కాకపోవడానికి కారణాలు ఒక కాగితం మీద రాయండి. ఒక్కటీ తోచకపోతే ఆ విచారణ ఇంకొకరికి అప్పజెప్పండి, మీ అనుమానం ఎవరి మీదో మాత్రం వాళ్లకు చెప్పకండి.